చలమయ్య విడాకుల సమన్లిచ్చిన వైనం

లిడియా టీచరు ఆ రోజు మార్టూరు వచ్చింది నిజం అడగడానికి. కోతలు వినడానికి కాదు.

ఆమెకి కావలసిన నిజం కోర్టు సమన్లు పంచే చలమయ్య దగ్గర ఉంది. ఇరవై ఏడేళ్లుగా ఆ చుట్టుపక్కల ఊళ్లలో సంచీ భుజాన తగిలించుకుని కోర్టు కాయితాలు ఇంటింటికీ మోస్తున్న మనిషి. అందరూ అమీనా గారంటారు. సాయంత్రం నాలుగైతే గ్రానైటు పాలిషింగు మిల్లుల దారిలో అలీ సాహెబ్ టీ కొట్టు దగ్గర తప్పకుండా ఉంటాడని ఎవరో చెబితే, లిడియా వాళ్ల పిన్ని ఎలీసమ్మని తోడు తీసుకుని ఆటోలో వచ్చి దిగింది.

సంగతేమిటంటే, లిడియా మొగుడు సాల్మన్ చీమకుర్తిలో క్వారీలకి లారీలు తిప్పుతాడు. మూడేళ్ల కిందట ఇల్లొదిలి పోయాడు. పోయినవాడు అతను. కానీ ఆమే తనని వదిలేసిందని కోర్టులో విడాకుల దావా వేశాడు. ఆ సమన్లు ఫిబ్రవరి పద్దెనిమిదో తారీఖున ఇవ్వబోతే లిడియా తీసుకోలేదనీ, తలుపుకి అంటించి వచ్చాననీ చలమయ్య కోర్టుకి రాసిచ్చాడు. పిలిచినా రాని మనిషి కోసం కోర్టు ఎంతకాలం చూస్తుంది? ఆమె లేకుండానే తీర్పిచ్చేసింది. సాల్మన్‌కి విడాకులు వచ్చాయి. ఎనిమిదేళ్ల కూతురు ఆరాధనని కూడా అతని దగ్గరే ఉంచమన్నారు.

ఆ ఫిబ్రవరి పద్దెనిమిదిన లిడియా గుంటూరులో ఆసుపత్రి మంచం మీద ఉంది. స్కూలుకి పోయే ఆటో బోల్తా పడి కుడికాలు విరిగితే లోపల రాడ్డు వేశారు. నెలరోజులు ఇంటికి తాళం. దావా పడిందనీ తీర్పు వచ్చిందనీ ఆమెకి తెలిసింది, సాల్మన్ ఆ తీర్పుని ఫోన్లో పంపి "సెలవులివ్వగానే పాపని తీసుకుపోతా" అని మెసేజి పెట్టినప్పుడే. పరుగున లాయరు గీతాంజలి గారి దగ్గరికి పోయింది. పరుగున అంటే మాటవరసకి, ఆ కాలితో ఆమె మెట్లు కూడా ఒక్కొక్కటే ఎక్కుతుంది.

"తెలిసిన దగ్గర్నుంచి ముప్పై రోజుల్లో తీర్పు రద్దు చేయమని అడగాలి టీచర్ గారూ," అంది గీతాంజలి. "ఆసుపత్రి కాయితాలున్నాయి, మంచిదే. కానీ అంటించానని రాసిన మనిషే వచ్చి అంటించలేదంటే ఇక తిరుగుండదు. మీరే వెళ్లి మెల్లగా అడగండి. భయపెట్టకండి. భయపడ్డాడంటే మొదటి అబద్ధానికి కాపలాగా ఇంకోటి పెడతాడు."

ముప్పైలో ఇరవై రోజులు అప్పటికే అయిపోయాయి.

అలీ సాహెబ్ కొట్టు ముందు బల్లలన్నీ మిల్లుల్లో పగిలిపోయిన గ్రానైటు పలకలే. లిడియా ఒకదాని మీద కాలు బార్లా చాపుకుని కూర్చుంది. ఎలీసమ్మ పొద్దున్నించీ మిరపకాయ కోసి వచ్చిందేమో, మండే చేతుల్ని తడిగుడ్డతో తుడుచుకుంటోంది. ఎదురుగా చలమయ్య కాలు మీద కాలేసుకుని, సంచీ ఒళ్లో పెట్టుకుని, మహారాజులా ఉన్నాడు. వీళ్లని చూశాడు, టీకి వచ్చిన బేరమనుకుని చూపు తిప్పుకున్నాడు. 'నా ఇంటికొచ్చి నాతో మాట్లాడానని రాసిన మనిషికి నా మొహమే తెలీదు,' అనుకుంది లిడియా.

ఎలా మొదలుపెట్టాలా అని ఆమె మాటలు కూడగట్టుకుంటుండగా, మిల్లులో మిషను నడిపే బాబ్జీ ఒళ్లంతా రాతిపొడితో వచ్చి కూలబడ్డాడు.

"ఏం బాబాయ్, ఇవాళ ఎన్ని కాపురాలు కూల్చొచ్చావ్?"

"ఒరేయ్, కూలేవి కూలిపోయాకే నా సంచీలోకి వస్తయ్యిరా. నేను కబురు మోసేవాణ్ణి, అంతే."

"అంటే పోస్టుమాను పనేగా. ఇల్లు కనుక్కోవడం, కాయితం ఇవ్వడం, రావడం. దానికింత బడాయెందుకు?"

చలమయ్య కాలు మీది కాలు దించాడు. టీ గ్లాసు పక్కన పెట్టాడు. పోస్టుమాను అన్న మాట ఎక్కడ తగిలిందో గానీ మెడ నరాలు తేలాయి.

"పోస్టుమాను పనా? పోస్టుమానుకి ఎదురొచ్చి తీసుకుంటార్రా. నన్ను చూస్తే తలుపులేస్తారు. మొన్న ఫిబ్రవరిలో లిడియా అని ఒకావిడకి విడాకుల సమన్లిచ్చాను. ఆ ఒక్క కాయితం ఇచ్చి వచ్చేసరికి నేను పడ్డ పాట్లు ఇంకోడైతే ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి సన్యాసుల్లో కలిసేవాడు."

ఎలీసమ్మ దిగ్గున లేవబోయింది. లిడియా ఆమె మోచెయ్యి పట్టుకుని కిందికి లాగింది. "ఉండు పిన్నీ. చెప్పనీ," అంది గొంతు తగ్గించి. తన గురించి అతను ఏం చెబుతాడో వినాలని తనకి అంత ఆత్రంగా ఉంటుందని అప్పటిదాకా ఆమెకే తెలీదు.

"ఏం పడ్డావేంది?" అన్నాడు బాబ్జీ.

"వెళ్లాను. తలుపు కొట్టాను. ఎవరండీ అంది. కోర్టు అన్నాను. తీసుకోనంది. నేను ఊరుకుంటానా? తీసుకునేదాకా కదిలేది లేదని అరుగు మీద కూర్చున్నాను."

"అంతేనా?"

"అంతేనా అంటే..." చలమయ్య చుట్టూ చూశాడు. అలీ సాహెబ్ టీ వడగడుతున్నాడు, ఎవరూ పెద్దగా చెవి పెట్టడం లేదు. "అంతే అయితే చెప్పడమెందుకురా! ఎంతసేపు కూర్చున్నా లోపల అలికిడి లేదు. అనుమానమొచ్చి పెరట్లోకి పోయి చూద్దును కదా, ఆవిడ గోడ దూకుతోంది! ఎంత గోడనుకున్నావ్? ఆరడుగులు!"

లిడియా తన కుడికాలి వంక చూసుకుంది. "ఆరడుగులా అండీ?" అంది.

కొత్త శ్రోత దొరికేసరికి చలమయ్య అటు తిరిగాడు. "ఆరేందమ్మా, ఎనిమిది! పైన గాజు పెంకులు. చెంగు నడుముకి బిగించి, ఒంటి చేత్తో గోడ పట్టుకుని, లేడిపిల్ల దూకినట్టు దూకింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? గోడకవతల మిరపకల్లం. ముప్పై ఎకరాల కాయ ఎండబోసి ఉంది. చూపు ఆనినంత మేరా ఎరుపే, ఎర్ర సముద్రమే అనుకో. ఆవిడ అందులోకి దిగి పరిగెత్తుతుంటే కాయలు అటో పాయ, ఇటో పాయ విడిపోయి దారిచ్చినయ్యి!"

"బైబిల్లో సముద్రాన్ని చీల్చిన మోషేకి లాగా చేతిలో కర్ర కూడా ఉందా నాయనా?" అంది ఎలీసమ్మ.

"కర్ర సంగతి చూళ్లేదమ్మా, వెనకాల ఉన్నాను కదా. ఆవిడ దాటిపోగానే ఆ పాయలు రెండూ మూసుకుపోయినయ్యి. నేను నట్టనడుమ ఇరుక్కున్నాను. మెడదాకా మిరపకాయ. ఘాటు మాడుకెక్కింది. ఒక్క తుమ్ము తుమ్మాను."

"తుమ్మితే?"

"కల్లమంతా లేచి గాల్లో నిలబడింది. ఊరు ఊరంతా తుమ్మింది. కోళ్లు తుమ్మినయ్యి. చెట్టు మీద కాకులు తుమ్మి కింద పడ్డయ్యి. హైవే మీద పోయే బస్సులో డ్రైవరు తుమ్మాడు, కండక్టరు తుమ్మాడు, ఆఖరికి బస్సు తుమ్మింది."

"బస్సు తుమ్మిందా బాబాయ్!"

"అందరూ హారననుకున్నారు. నాకు తెలుసు, అది తుమ్మే."

అలీ సాహెబ్ వడపోతగుడ్డ చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. మిల్లు నుంచి వచ్చిన ఇంకో నలుగురు గ్లాసులు పుచ్చుకుని దగ్గరికి జరిగారు. చలమయ్య గొంతుకి ఊపొచ్చింది.

"నేను కళ్లు తుడుచుకుని చూసేసరికి ఆవిడ హైవే మీద పోయే పత్తి లారీ ఎక్కేసింది. ఆగిన లారీ కాదు, పోయే లారీ. ఇంకేముంది, మన మోపెడ్ తీశాను. ఎంత స్పీడులో పోయానంటే నా నీడ వెనకబడిపోయింది. మేదరమెట్ల దగ్గర తప్పిపోయిన నీడ మళ్లీ చిలకలూరిపేట దగ్గర వచ్చి కలిసింది."

"మేదరమెట్ల ఇటు, చిలకలూరిపేట అటు కదా అమీనా గారూ?" అన్నాడు అలీ సాహెబ్.

"అందుకే కదా సాహెబూ అది తప్పిపోయింది! సరే, మోపెడ్ మీంచి లారీ మీదికి ఒక్క గంతు వేశాను. ఆవిడ బస్తాల అటు చివర, నేను ఇటు చివర. నేను ఒక్క అడుగు వేస్తే ఆవిడ ఒక పత్తి బోరెం నా మీదికి తన్నుతుంది. కాలితో! ఆ కుడికాలుందే, అబ్బబ్బ, అది కాలు కాదు, క్రేను! బోరేలు పగిలి పత్తి ఆకాశమంతా లేచింది. దారి పొడుగునా ఊళ్లన్నీ తెల్లగా అయిపోయినయ్యి. మంచు పడిందనుకున్నారు జనం. ఒక ఊళ్లో పాస్టరు గారు బయటికొచ్చి చూసి, ఫిబ్రవరి నెలలో క్రిస్మస్ పాటలెత్తుకున్నారు. పిల్లలకి కేకులు పంచారు. నేను రెండు ముక్కలు తిన్నాను."

"లారీ మీదుండగానా?"

"విసిరారు, పట్టుకున్నాను."

అందరూ గొల్లుమన్నారు. ఎలీసమ్మ కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వనిది లిడియా ఒక్కతే. రాడ్డున్న కాలు, రాత్రుళ్లు లాగే కాలు, బళ్లో పిల్లలు "టీచర్ మెల్లగా" అని దారిచ్చే కాలు బోరేలు తన్నుతోంది. ఆమెకి కోపం రావాల్సింది. రాలేదు. ఆ కాలు ఇంకా ఏమేం తన్నిందో వినాలనిపించింది.

"ఆ తర్వాత ఎక్కడికి పోయిందండీ?" అంది.

"అద్గదీ, అడగాల్సిన మాట! లారీ తిన్నగా దాచేపల్లి సిమెంటు ఫ్యాక్టరీలోకి పోయింది."

"పత్తి లారీకి సిమెంటు ఫ్యాక్టరీలో ఏం పని?" అన్నాడు బాబ్జీ.

"డ్రైవరు ఇంకా తుమ్ముతూనే ఉన్నాడురా, దారి ఎట్టా తెలుస్తుంది! అక్కడ ఆవిడ దిగి పరిగెత్తితే నేనూ దూకాను. దూకింది సిమెంటు గుట్టలోకి. అసలే ఎండ, ఒళ్లంతా చెమట. చెమటా సిమెంటూ కలిసి రెండు నిమిషాల్లో గట్టిపడిపోయాను. చెయ్యి చాపి, చేతిలో కాయితం పట్టుకుని, నిలువునా విగ్రహం! ఊళ్లోవాళ్లు వచ్చి చూశారు. ఎవరో మహానుభావుడు, చేతిలో రాజ్యాంగం పట్టుకున్నాడన్నారు. మా పార్టీ ఆయనంటే మా పార్టీ ఆయనని రెండు వర్గాలు తలలు పగలగొట్టుకున్నయ్యి. ఆఖరికి రాజీపడి పందిరేసి, రిబ్బను కట్టి, పెద్ద దండ తెచ్చి నా మెడలో వేశారు. బంతిపూల దండ. బంతిపూలు నాకు పడవు. ముక్కు దురద పుట్టింది..."

"మళ్లీ తుమ్మావా!"

"తుమ్మాను. సిమెంటు పటాలున పగిలిపోయింది. రిబ్బను కత్తిరించడానికి వచ్చిన పెద్దమనిషి కత్తెర అక్కడే పారేసి పరిగెత్తాడు, ఇప్పటికీ ఆ ఊరు రాలేదు. నేను ఆగుతానా? ఆవిడ చీమకుర్తి వైపు పోయిందని తెలిసింది. పోయేసరికి క్వారీలో ఉంది. మూడొందల అడుగుల లోతు. అడుగున లారీలు చీమల్లాగా కనపడుతున్నయ్యి. ఇంత పెద్ద నల్లరాయిని క్రేను పైకెత్తుతోంది, ఆ రాయి మీద నిటారుగా నిలబడి ఉంది ఆవిడ. అదే టయానికి బ్లాస్టింగు విజిలేశారు. జనమంతా బయటికి పరుగులు. నేను లోపలికి! ఢామ్మంది. రాళ్లు పైకి లేచినయ్యి. లేచే రాయి మీద ఒక కాలు, దానిపై రాయి మీద ఇంకో కాలు, ఇంటి మెట్లెక్కినట్టు ఎక్కి పోయి, ఆవిడ ఎదురుగా ఆ నల్లరాయి మీద నిలబడ్డాను. 'అమ్మా, కోర్టు సమన్లు' అన్నాను."

మిల్లులో రంపాలు ఎందుకో అప్పుడే ఆగాయి.

"ఆవిడ ఏమందండీ?" అంది లిడియా.

చలమయ్య నోరు తెరిచి ఆగాడు. అంతదాకా అతని కథలో ఆవిడ పరిగెత్తింది, దూకింది, తన్నింది గానీ మాట్లాడలేదు. అడిగిన మనిషి ముఖంలో వేళాకోళం ఏమాత్రం లేదు. నిజంగానే జవాబు కావాలన్నట్టు చూస్తోంది. ఎంత కోతలవాడైనా అలాంటి చూపు ముందు చవకబారు జవాబు చెప్పలేడు.

"ఏమందంటే..." అన్నాడు, గొంతు కొంచెం దింపి. "'చలమయ్య గారూ, నేను కోర్టుకి భయపడి పరిగెత్తలేదండీ. ఈ కాయితంలో నేను మొగుణ్ణి వదిలేసి పోయానని రాసుంది. పోయింది నేను కాదు. అబద్ధం రాసిన కాయితాన్ని నా చేత్తో ముట్టుకోను. నిజం రాసుకు రండి, పరిగెత్తాల్సిన పని లేదు, మీరొచ్చేదాకా ఈ రాయి మీదే నిలబడి ఉంటాను' అంది."

లిడియా తల దించుకుంది. మూడేళ్లుగా చుట్టాలతో, సంఘపెద్దలతో, తోటి టీచర్లతో ఆమె అనాలనుకుని అనలేకపోయిన మాట అదే. ఎన్నడూ తనని చూడని మనిషి, టీ కొట్టు దగ్గర, బడాయికి అల్లిన కథలో, తన చేత అనిపించాడు.

"మరి సంతకం పెట్టిందా?" అన్నాడు బాబ్జీ.

"పెట్టలేదురా. అందుకే తలుపుకి అంటించి వచ్చాను."

"ఏ తలుపుకి బాబాయ్? ఆకాశంలో ఉన్నారుగా!"

నవ్వులు పేలాయి. చలమయ్య కూడా నవ్వాడు. ఆ నవ్వు మధ్యలో లిడియా చేతిసంచీలోంచి ఒక కాయితం తీసి మడత విప్పింది. బళ్లో పాఠం చదివే గొంతుతో, తొందర లేకుండా చదివింది.

"'పద్దెనిమిదో తారీఖున ఉదయం పదకొండు గంటలకు ప్రతివాది ఇంటికి వెళ్లి ఆమెను స్వయముగా కలిసినాను. సమన్లు చదివి వినిపించినాను. తీసుకొనుటకు నిరాకరించినందున తలుపునకు అంటించినాను. చలమయ్య.' ఇది మీరు కోర్టుకి రాసిచ్చిన రిపోర్టండీ. నాలుగే ముక్కలు. ఇందులో గోడ లేదు, కల్లం లేదు, క్వారీ లేదు. నిజం చెప్పాలంటే మీరు రాసినదానికన్నా ఇప్పుడు చెప్పిందే బాగుంది. కానీ ఆ రెండూ జరగలేదు."

"నువ్వెవరమ్మా?"

"లిడియాని."

అలీ సాహెబ్ చేతిలో గరిటె గిన్నెలో పడింది. చలమయ్య ఆమె ముఖం చూశాడు, బార్లా చాపిన కాలు చూశాడు, మళ్లీ ముఖం చూశాడు.

"ఆ రోజు నేను గుంటూరులో ఆసుపత్రిలో ఉన్నానండీ. ఈ కాలికి రాడ్డు వేస్తున్నారు. మీరు నిజంగా మా ఇంటికి వచ్చారా?"

ఒళ్లోని సంచీ వంక చూస్తూ అన్నాడు చలమయ్య. "మీ వీధి దాకా వచ్చానమ్మా."

"ఇంటికి?"

"సాల్మన్ తన కారులో తీసుకొచ్చాడు. దారిలో హోటల్లో పలావు పెట్టించాడు. వీధి చివర కారాపి, అదుగో ఆ ఇల్లే, ఆవిడ లోపలే ఉంది, అడిగినా తీసుకోదు, తీసుకోలేదని రాసేయండి అన్నాడు. బయట ఎండ మండిపోతోంది. కారులో ఏసీ ఉంది. నేను దిగలేదు తల్లీ."

"మాటలు కోటలు దాటినయ్యి, కాళ్లు కారు దాటలేదు!" అని అరిచింది ఎలీసమ్మ. ఇంతసేపు పట్టి ఉంచిన నోరు ఇక ఆగలేదు. "పలావు కోసం పసిబిడ్డని తల్లి దగ్గర్నుంచి పీకి వాడికిచ్చావు కదయ్యా! ఎట్టా అరిగింది ఆ తిండి నీకు?"

"పసిబిడ్డేంది?" అన్నాడు చలమయ్య. తీర్పులో ఏముందో అతనికి తెలీదు. కాయితాలు ఇచ్చేదాకానే అతని పని, ఆ తర్వాత అవి ఏం చేస్తాయో ఏనాడూ వెళ్లి చూడలేదు. లిడియా చెప్పింది. ఆరాధన సంగతి, సెలవుల సంగతి, మిగిలిన పది రోజుల సంగతి. వింటున్న బాబ్జీ లేచి కొట్టు వెనక్కి పోయి నిలబడ్డాడు.

"కోర్టుకొచ్చి ఇదే చెప్పండి. అంతకన్నా నాకేం వద్దు," అంది లిడియా.

"రిటైరవడానికి ఏడు నెలలుందమ్మా. రాసింది అబద్ధమని నేనే చెబితే ఉద్యోగం ఏమవుద్దో నీకు తెలుసు."

"తెలుసండీ. అందుకే ఎవర్నీ పంపించకుండా నేనే వచ్చి అడుగుతున్నాను."

చలమయ్య సంచీ భుజానికి తగిలించుకున్నాడు. వస్తాననలేదు, రాననలేదు. అందరి మధ్యలోంచి తలొంచుకుని నడుచుకుంటూ పోయాడు. మోపెడ్ అక్కడే మరిచిపోయి, మళ్లీ వెనక్కొచ్చి, ఎవరి వంకా చూడకుండా తోసుకుంటూ పోయాడు. ఇరవై ఏడేళ్లలో ఆ కొట్టు దగ్గర అతను మాట్లాడకుండా వెళ్లడం అదే మొదలని అలీ సాహెబ్ తర్వాత చెప్పాడు.

గీతాంజలి గడువులోపలే పిటిషన్ వేసింది. విచారణ రోజున లిడియా పదింటికే వచ్చి వెనక బెంచీలో కూర్చుంది. పదకొండైంది, చలమయ్య లేడు. పదకొండున్నర. సాల్మన్ ఇస్త్రీ చొక్కాలో ముందు వరసలో కూర్చుని ఫోన్ చూసుకుంటున్నాడు. కేసు పిలిచే వేళకి చలమయ్య వచ్చాడు. తల దువ్వుకుని, తెల్లచొక్కా గుండీ మెడదాకా పెట్టుకుని, సాక్ష్యం చెప్పడానికి కాదు, దండన తీసుకోవడానికి వచ్చినవాడిలాగా బోనెక్కాడు.

గీతాంజలికి లోపల భయంగానే ఉంది. ఈయన నిజం మొదలుపెట్టి ఎక్కడ మిరపకల్లంలోకి దిగుతాడోనని. చలమయ్య దిగలేదు. కారు, పలావు, ఎండ, ఏసీ. తలుపు ముట్టుకోలేదు, మనిషిని చూడలేదు, ఇంటికి తాళముందో లేదో కూడా కనుక్కోలేదు. ఊపిరి తీసుకున్నంత సేపట్లో చెప్పేశాడు.

సాల్మన్ తరఫు లాయరు లేచాడు.

"అబద్ధపు రిపోర్టు రాశానని మీరే ఒప్పుకుంటున్నారు. పైగా కోతలు కోయడంలో మీకు చుట్టుపక్కల మంచి పేరుందట. మరి ఇవాళ చెప్పేది కోత కాదని కోర్టు ఎందుకు నమ్మాలి?"

చలమయ్య రెండు చేతులతో బోను కర్ర పట్టుకున్నాడు. "కోతలు కోస్తానండీ, కాదనను. కానీ నేను కోసిన ప్రతి కోతలోనూ గెలిచింది నేనేనండీ. ఇందులో చూడండి. నేను ఏసీ కారులో కూర్చున్నాను, ఉత్తపుణ్యానికి పలావు తిన్నాను, అబద్ధం రాశాను, ఒక తల్లికి బిడ్డని దూరం చేసే పని చేశాను. తన మీద తనే ఇట్టాంటి కోత కోసుకునేవాణ్ణి మీరు ఎక్కడన్నా చూశారా అండీ?"

హాల్లో ఎవరో ఫక్కుమన్నారు. జడ్జి గారు, పెద్దావిడ, కళ్లజోడు తీసి తుడుచుకుని, ఆయన అన్నది అన్నట్టు టైపు చేయమని చెప్పింది. సాల్మన్ ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

మధ్యాహ్నానికల్లా పాత తీర్పు రద్దయింది. చలమయ్య మీద విచారణ వేశారు. రిటైరయ్యేదాకా రికార్డు గదిలో కూర్చోబెట్టారు, సంచీ తీసేసుకున్నారు. కానీ అవన్నీ ఆ తర్వాత సంగతులు. ఆ పూట జడ్జి గారు ఇంకో మాట అంది.

"దావా కాపీ ఈమెకి ఇప్పటికీ చేరలేదు కదా. చలమయ్యా, ఇదిగో. ఇప్పుడు, నా ముందు, ఇవ్వండి."

చలమయ్య బోను దిగాడు. వెనక బెంచీ దాకా పట్టుమని పన్నెండడుగులు. ఆ పన్నెండడుగులూ నడిచి ఆమె ముందు నిలబడ్డాడు. రూలు ప్రకారం అడగాలి కాబట్టి అడిగాడు. "లిడియా గారంటే తమరేనా అండీ?"

"నేనేనండీ."

కాయితం ఇచ్చాడు. సంతకం ఎక్కడ పెట్టాలో వేలితో చూపించాడు. లిడియా బెంచీ పట్టుకుని లేచి నిలబడి సంతకం పెట్టింది. పెట్టాక కూర్చోలేదు.

"మేడమ్, విడాకులకి నాకు అభ్యంతరం లేదండీ. నేను వదిలేసి పోయానన్న మాట మాత్రం కొట్టేయాలి. పోయింది నేను కాదు. పాప నా దగ్గరే ఉండాలి."

"అవన్నీ కాయితం మీద రాసిద్దాం టీచర్ గారూ," అని గీతాంజలి చెంగు పట్టి లాగింది.

"రాద్దామండీ. ముందు నోటితో చెప్పాలనిపించింది," అంది లిడియా. హాలంతా వినపడేట్టే అంది.

ఐదు నెలలకి తీర్పు ఆమె అడిగినట్టే వచ్చింది. కాపీ పోస్టులో పంపిస్తానంది గీతాంజలి. లిడియా వద్దంది. ఆరాధనని బడి నుంచి తీసుకుని, కోర్టు మెట్లు ఒక్కొక్కటే ఎక్కి, తన చేత్తో తనే తీసుకుంది.